వాట్స్‌లో కెమెరా ఎవరి చేతిలో ఉంది?

1977 జనవరి ఆఖరు వారంలో అమెరికాలోని ఏబీసీ టెలివిజన్ సంస్థ 'రూట్స్' ధారావాహికను వరసగా ఎనిమిది రాత్రులు ప్రసారం చేసింది. చివరి భాగాన్ని దాదాపు పది కోట్ల మంది చూశారు. సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' ద్వారా ఆ కథ మనవాళ్లలో చాలామందికి తెలిసిందే. అదే సంవత్సరం లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, అంటే యూసీఎల్ఏలో, చార్ల్స్ బర్నెట్ అనే విద్యార్థి తన పట్టా కోసం ఒక నలుపు తెలుపు సినిమా సమర్పించాడు. పదహారు మిల్లీమీటర్ల ఫిల్ముపై, పదివేల డాలర్లలోపు ఖర్చుతో తీసిన ఆ సినిమా పేరు 'కిల్లర్ ఆఫ్ షీప్'. అది మామూలు థియేటర్లలో విడుదల కావడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది.

ఈ రెంటిలో ఏది గొప్పదని తూకం వేయడం అనవసరం. 'రూట్స్' చేసిన మేలును కాదనలేం. బానిసత్వాన్ని నల్లవారి వైపు నుంచి చెప్పిన కథను అంతమంది అమెరికన్లు ఇళ్లలో కూర్చుని చూడడం అంతకుముందు జరగలేదు. అయితే ఆ ధారావాహికకు పనిచేసిన నలుగురు దర్శకుల్లో నల్లవాడు ఒక్కడే, గిల్బర్ట్ మోజెస్. తెర మీద కనిపించే ముఖం ఎవరిదన్నది ఒక ప్రశ్న. కెమెరా ఎక్కడ పెట్టాలో, కథ ఎక్కడ ఆపాలో, సినిమా ప్రింటు ఎవరి బీరువాలో ఉండాలో నిర్ణయించేది ఎవరన్నది వేరే ప్రశ్న. సినిమాలో, టీవీలో నల్లజాతి దృక్పథం గురించి జరిగే చర్చల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. లాస్ ఏంజెలెస్ దక్షిణ భాగంలోని వాట్స్ పేట, ఆ చుట్టుపక్కల వాడలు, వాటికి అరగంట ప్రయాణం దూరంలోని ఒక విశ్వవిద్యాలయం కలిసి 1970లలో రెండో ప్రశ్నను ముందుకు తెచ్చాయి.

అప్పటి అమెరికన్ ఇళ్లకు వాట్స్ పేరు కొత్తది కాదు. 1972 నుంచి 1977 వరకు ఎన్‌బీసీలో వచ్చిన 'శాన్‌ఫోర్డ్ అండ్ సన్' అనే హాస్య ధారావాహిక కథ వాట్స్‌లోని ఒక పాత సామాన్ల కొట్టులోనే నడుస్తుంది. రెడ్ ఫాక్స్ నటించిన ఆ ముసలి వ్యాపారి పాత్రకు నల్లవారిలోనూ విపరీతమైన ఆదరణ ఉండేది. కానీ ఆ కథ మూలం ఒక బ్రిటిష్ ధారావాహిక. దాన్ని అమెరికాకు తెచ్చిన నిర్మాతలు తెల్లవారు. వాట్స్‌గా చూపించిన కొట్టు బర్బాంక్‌లోని స్టూడియోలో వేసిన సెట్టు. రిచర్డ్ ప్రయర్, పాల్ మూనీ వంటి నల్లజాతి రచయితలు కొన్ని భాగాలు రాసినప్పుడు సంభాషణల్లో ఆ వాడ వాసన తగిలిన మాట నిజమే. అయినా ఆ ధారావాహిక వాట్స్‌లో కాలు పెట్టవలసిన అవసరం లేకుండానే వాట్స్ గురించి చెప్పగలిగింది.

సినిమాలో పరిస్థితి మరో రకం. 1971లో నల్లజాతి దర్శకుడు మెల్విన్ వాన్ పీబుల్స్ సొంతంగా తీసిన చిత్రం, అదే ఏడు స్టూడియో తీసిన 'షాఫ్ట్' బాగా డబ్బు చేసుకోవడంతో, నష్టాల్లో ఉన్న హాలీవుడ్ కంపెనీలు నల్లజాతి ప్రేక్షకుల జేబును కనిపెట్టాయి. తుపాకులు, మత్తు వ్యాపారం, వేశ్యావాటికల చుట్టూ తిరిగే కథలు వరసగా వచ్చిపడ్డాయి. వీటిని 'బ్లాక్స్‌ప్లాయిటేషన్', అంటే నల్లవారి దోపిడీ, అని ఎద్దేవా చేసినవారు నల్లజాతి పౌరహక్కుల సంఘాల వాళ్లే. నటీనటులకు పని దొరికింది, సంగీతకారులకు పేరు వచ్చింది. లాభం మాత్రం ఎప్పటిలాగే అవతలి ఒడ్డుకు చేరింది. కొన్నేళ్లకు తెల్ల ప్రేక్షకులూ నల్ల ప్రేక్షకులూ ఒకే భారీ చిత్రానికి వస్తున్నారని లెక్క తేలగానే ఆ కంపెనీలు ఈ సినిమాలు తీయడం మానేశాయి.

వాట్స్ లోపల జరుగుతున్నది వేరు. 1965 ఆగస్టులో ఒక పోలీసు అరెస్టుతో మొదలైన అల్లర్లు ఆరు రోజులు సాగి 34 మందిని బలిగొన్నాయి. కొట్లు తగలబడ్డాయి, నేషనల్ గార్డు దళాలు వీధుల్లోకి దిగాయి. ఆ తర్వాత వార్తల్లో వాట్స్ అంటే పొగ, మంటలు మాత్రమే. ఇలాంటి అల్లర్లపై విచారణకు ప్రభుత్వమే నియమించిన కెర్నర్ సంఘం 1968లో పత్రికలను, టీవీని ఉద్దేశించి నిష్ఠూరంగానే రాసింది: అవి చాలాకాలంగా తెల్లవారి లోకంలోంచి, తెల్లవారి కళ్లతోనే బయటికి చూస్తున్నాయని. ఆ విమర్శ ఊరికే పోలేదు. అదే ఏడాది నుంచి న్యూయార్క్, బోస్టన్ వంటి నగరాల్లో నల్లవారి కోసం, నల్లవారే నడిపే స్థానిక టీవీ కార్యక్రమాలు మొదలయ్యాయి. లాభాపేక్ష లేని పబ్లిక్ టీవీలో 'బ్లాక్ జర్నల్' అనే మాసపత్రిక లాంటి కార్యక్రమం వచ్చినప్పుడు అందులోని నల్లజాతి సిబ్బంది, కార్యక్రమం పేరు మాది, పెత్తనం మీదా అని పని మానేసి నిలదీశారు. దాంతో నల్లజాతి దర్శకుడు విలియం గ్రీవ్స్ దాని బాధ్యతలు తీసుకున్నాడు. రెండేళ్లలో ఆ కార్యక్రమానికి ఎమ్మీ పురస్కారం వచ్చింది.

వాట్స్‌లో మాత్రం కళ టీవీ కోసం ఆగలేదు. 1921 నుంచి 1954 దాకా సైమన్ రోడియా అనే ఇటాలియన్ కూలీ ఒంటిచేత్తో ఇనుప కడ్డీలు, సిమెంటు, పగిలిన పింగాణీ పెంకులు, సీసా ముక్కలతో కట్టిన గోపురాలు ఆ పేట మధ్యలో నిలబడి ఉన్నాయి. వాటి పక్కనే ఏర్పడిన కళాకేంద్రానికి తొలి సంచాలకుడైన నోవా ప్యూరిఫోయ్, 1965 మంటలు చల్లారాక వీధుల్లో మిగిలిన కాలిన కలప, కరిగి ముద్దయిన నియాన్ దీపాల సీసం పోగుచేశాడు. మిత్రులతో కలిసి ఆ శిథిలాలతోనే శిల్పాలు తయారుచేసి 1966లో '66 సైన్స్ ఆఫ్ నియాన్' (నియాన్ దీపాల 66 గుర్తులు) పేరుతో ప్రదర్శన పెట్టాడు. వార్తా కెమెరాలు ఏ చెత్తను చూపించి వాట్స్‌ను తేల్చేశాయో, అదే చెత్త ఆ వాడవాళ్ల చేతిలో ముడిసరుకైంది. వీధి వేసవి ఉత్సవం, రచయితల శిక్షణశాల, హొరేస్ ట్యాప్‌స్కాట్ నడిపిన జాజ్ బృందం, లైమర్ట్ పార్కు అనే పేటలో ఇద్దరు అన్నదమ్ములు 1967లో తెరిచిన బ్రాక్‌మన్ గ్యాలరీ ఇవన్నీ ఆ పదేళ్లలో పుట్టినవో పెరిగినవో. 1972 ఆగస్టు 20న ఒక డాలరు టికెట్టుతో జరిగిన 'వాట్‌స్టాక్స్' సంగీత సభకు లక్షమందికి పైగా వచ్చారు. దాన్ని చిత్రీకరించిన దర్శకుడు తెల్లవాడే అయినా కెమెరా బృందంలో ఎక్కువమంది నల్లవారు కావడం వల్ల, పాటల నడుమ మంగలి షాపుల్లోనూ టిఫిన్ సెంటర్లలోనూ జనం మాట్లాడుకునే మాటలు ఆ చిత్రంలో సహజంగా పడ్డాయి.

ఈ నేల మీద నుంచే కొందరు యువకులు యూసీఎల్ఏ సినిమా విభాగానికి చేరుకున్నారు. 1960ల చివర్లో విద్యార్థుల ఒత్తిడితో అక్కడ ఎత్నో కమ్యూనికేషన్స్ అనే కార్యక్రమం మొదలైంది. నల్లజాతి, మెక్సికన్, ఆసియన్, ఆదివాసీ అమెరికన్ విద్యార్థులను ఆ విభాగంలోకి తీసుకురావడం దాని ఉద్దేశం. దాని వెనుక ఉన్న ఎలైసియో టేలర్ ఆ విభాగంలో తొలి నల్లజాతి అధ్యాపకుడు. ఆయన వెళ్లిపోయాక ఇథియోపియా నుంచి వచ్చిన టెషోమ్ గేబ్రియల్ ఆ తరగతుల్లో లాటిన్ అమెరికా, ఆఫ్రికా సినిమాలు చూపించి, హాలీవుడ్ పద్ధతి ఒక్కటే సినిమా పద్ధతి కాదని బోధించాడు. చేరిన కొత్తలోనే ప్రతి విద్యార్థీ తానే రాసుకుని, తానే తీసుకుని, తానే కూర్చుకునే ఒక చిన్న ఎనిమిది మిల్లీమీటర్ల చిత్రం చేయాలి. ఈ నియమాన్ని చరిత్ర రాసినవాళ్లు పెద్దగా పట్టించుకోరుగానీ, ఆ తరం స్వభావాన్ని తీర్చిదిద్దినది అదేననిపిస్తుంది. పైవాడి అనుమతి లేకుండా మొదటి సినిమా తీసినవాడికి రెండో సినిమాకు అనుమతి అడగడం అలవాటు కాదు.

బర్నెట్ మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో వాట్స్‌కు వచ్చాడు. దక్షిణాది నుంచి వలస వచ్చిన కుటుంబాలే ఆ వాడ నిండా ఉండేవి. 'కిల్లర్ ఆఫ్ షీప్'ను వారాంతాల్లో, వీలు దొరికినప్పుడల్లా, చాలావరకు ఇరుగుపొరుగు వాళ్లతోనే తీశాడు. కథానాయకుడు స్టాన్ గొర్రెల కబేళాలో పనిచేస్తాడు. అతనికి నిద్ర పట్టదు. సినిమాలో చెప్పుకోదగ్గ మలుపు ఏదీ ఉండదు. ఒక సన్నివేశం చూస్తే దాని తీరు అర్థమవుతుంది. స్టాన్, అతని స్నేహితుడు పాత కారు ఇంజను ఒకటి కొంటారు. ఇద్దరూ దాన్ని మెట్ల మీదుగా అంగుళం అంగుళం కిందికి దించి, ట్రక్కు వెనక అంచున ఆనించి పెడతారు. స్నేహితుడి వేలు నలుగుతుంది. ఇంకొంచెం లోపలికి జరపాలని స్టాన్ అంటాడు. పడదులే అంటాడు రెండోవాడు. ట్రక్కు ఎత్తు మీద కదలగానే ఇంజను రోడ్డు మీద పడి పగిలిపోతుంది. ఇద్దరూ దిగి చూసి, దాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోతారు. దూరమవుతున్న ట్రక్కు లోంచి కెమెరా ఆ ఇంజను వైపే చూస్తూ ఉంటుంది.

ఇందులో దుర్మార్గుడు లేడు, పోలీసు లేడు, ఉపన్యాసం లేదు. ఆ నెల జీతం, దానితో కొనుక్కున్న ఆశ, ఎవరినీ తిట్టడానికి వీల్లేకుండా చేజారిన తీరు, అంతే. తమను పేదవాళ్లంటే స్టాన్ ఒప్పుకోడు. దానాలు పుచ్చుకునే సంస్థకు తాను అప్పుడప్పుడు వస్తువులు ఇస్తుంటానని, ఇచ్చేవాడు పేదవాడెలా అవుతాడని వాదిస్తాడు. బయటి నుంచి వచ్చిన దర్శకుడైతే ఈ మాటను జాలి కోసమో నవ్వు కోసమో వాడుకునేవాడు. బర్నెట్ ఆ మాటను మాటగానే వదిలేస్తాడు, ఎందుకంటే ఆ వాదన ఆ వాడలో ప్రతి వంటింట్లోనూ విన్నదే. ఇటుకలు విసురుకుంటూ, ఇంటి కప్పు మీంచి మరో కప్పు మీదికి దూకుతూ ఆడే పిల్లలకు ఇచ్చినంత సమయాన్ని పెద్దల కష్టాలకు కూడా ఇవ్వకపోవడం వెనక ఉన్నదీ ఆ చనువే.

ఈ బృందంలో అందరూ బర్నెట్‌లా మెత్తగా మాట్లాడినవాళ్లు కారు. ఇథియోపియాలోని గోండర్ నుంచి వచ్చిన హైలే గెరీమా 1970ల మధ్యలో తీసిన 'బుష్ మామా' మొదట్లోనే పోలీసులు కొందరు నల్లవారిని ఆపి సోదా చేసే దృశ్యం ఉంటుంది. అది నటన కాదు. చిత్రీకరణకు వెళ్లిన గెరీమా బృందాన్నే పోలీసులు నిజంగా ఆపినప్పుడు నడుస్తున్న కెమెరా పట్టుకున్న దృశ్యం. నల్లవారి చేతిలో కెమెరా ఉంటే దొంగసొత్తు కావచ్చని అనుమానించే నగరంలో, ఆ అనుమానాన్నే సినిమాకు ప్రారంభం చేసుకున్నాడు. ఆ తర్వాత కథ సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరిగే డొరొతీ అనే గర్భిణిది. గర్భం తీయించుకోవాలని ఆ కార్యాలయం ఆమెపై ఒత్తిడి తెస్తుంది, భర్త చేయని నేరానికి జైల్లో ఉంటాడు.

విమర్శకుడు క్లైడ్ టేలర్ 1980లలో వీళ్లందరికీ కలిపి 'ఎల్.ఏ. రెబెలియన్', అంటే లాస్ ఏంజెలెస్ తిరుగుబాటు, అని పేరు పెట్టాడు. పేరు నిలిచిపోయింది. అయితే అది వినడానికి ఉన్నంత ఏకాభిప్రాయం లోపల లేదు. ఈ బృందంలోనివాడే అయిన జమా ఫనాకాకు జనం మెచ్చే కథలంటే ఇష్టం. జైల్లో బాక్సింగ్ పోటీల చుట్టూ తిరిగే అతని 'పెనిటెన్షరీ' 1979లో విడుదలై బాగా ఆడింది. హాలీవుడ్‌ను ఎదిరించడానికి వచ్చినవాళ్లలో కొందరు దాన్ని చిన్నచూపు చూశారు. వాడలో జనం డబ్బు పెట్టి చూసింది దేన్నో అడిగితే జవాబు ఇబ్బందికరంగానే ఉంటుంది. ఇక అలైల్ షారన్ లార్కిన్, బార్బరా మెక్‌కలో, జైనబు ఐరీన్ డేవిస్ వంటి స్త్రీల చిత్రాలు మగవాళ్ల వీరగాథల నీడలో చాలాకాలం మరుగున పడ్డాయి. మొత్తం చరిత్రను 'కిల్లర్ ఆఫ్ షీప్' ఒక్కదానికి కుదించడం వల్ల ఈ వైవిధ్యానికే నష్టం.

జూలీ డాష్ సంగతి మాత్రం విడిగా చెప్పుకోవాలి. 1982లో ఆమె తీసిన 'ఇల్యూజన్స్' అనే అరగంట చిత్రం 1942 నాటి ఒక హాలీవుడ్ స్టూడియోలో జరుగుతుంది. తెల్లమ్మాయిగా చలామణి అవుతున్న ఒక నల్లజాతి అధికారిణి, తెర మీద కనిపించే తెల్ల తారకు గొంతు అరువిచ్చే నల్లజాతి గాయని, ఇద్దరే ప్రధాన పాత్రలు. గొంతు నల్లవాళ్లది, ముఖం తెల్లవాళ్లది. టీవీ, సినిమాల గురించి పైన వేసిన ప్రశ్న మొత్తం ఆ ఒక్క డబ్బింగ్ గదిలో ఇమిడిపోయింది.

తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన 'డాటర్స్ ఆఫ్ ద డస్ట్' దక్షిణ కెరొలైనా తీరంలోని దీవుల్లో 1902లో ఉత్తరాదికి వలస వెళ్లబోతున్న గల్లా (ఆ తీరంలోని ఆఫ్రికన్ బానిసల సంతతి) కుటుంబం కథ. కథ చెప్పేవాళ్లలో ఒకరు ఇంకా పుట్టని పాప. మాటల్లో అధికభాగం గల్లా మాండలికమే. ముసలమ్మ నానా చేతులు నీలిమందు రంగులో మిగిలిపోయి ఉంటాయి. అన్నేళ్ల తర్వాత రంగు అలా నిలవదని డాష్‌కు తెలుసు, బానిసత్వానికి కొరడా మచ్చలు కాకుండా మరో గుర్తు కావాలనే అలా చేసింది. 'బుష్ మామా'లో డొరొతీగా నటించిన బార్బరా ఓ. జోన్స్, 'కిల్లర్ ఆఫ్ షీప్'లో స్టాన్ భార్యగా నటించిన కేసీ మూర్ ఇందులోనూ ఉన్నారు. హాలీవుడ్ తారలను కాదని, నల్లజాతి స్వతంత్ర చిత్రాల్లో పనిచేసినవాళ్లనే ఆమె ఏరి తీసుకుంది. స్టూడియోలన్నీ తిప్పిపంపిన ఈ చిత్రానికి ఖర్చయిన సుమారు ఎనిమిది లక్షల డాలర్లలో అధికభాగం పబ్లిక్ టీవీ వారి 'అమెరికన్ ప్లేహౌస్' నుంచి వచ్చింది. అమెరికా అంతటా థియేటర్లలో విడుదలైన, ఒక ఆఫ్రికన్ అమెరికన్ మహిళ దర్శకత్వం వహించిన మొదటి పూర్తి నిడివి చిత్రం ఇదే. బర్నెట్ రెండో చిత్రం 'మై బ్రదర్స్ వెడ్డింగ్'కు డబ్బు పెట్టింది పశ్చిమ జర్మనీ టీవీ సంస్థ జెడ్‌డీఎఫ్. వాడ కథలు చెప్పడానికి సొంత ఊరి హాలీవుడ్ కంటే జర్మన్ టీవీ దగ్గరగా ఉండడం విచిత్రమే.

తీయడం ఒక ఎత్తు, చూపించడం మరో ఎత్తు. 'కిల్లర్ ఆఫ్ షీప్'లో బర్నెట్ నల్లజాతి సంగీత చరిత్రను పాటలతో పరిచాడు: పాల్ రోబ్సన్, డైనా వాషింగ్టన్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎల్మోర్ జేమ్స్. విద్యార్థి చిత్రం కాబట్టి హక్కుల గురించి ఆలోచించలేదు. ఆ పాటల హక్కులే అడ్డుపడి సినిమా చిత్రోత్సవాలు, చర్చిలు, కళాశాల తరగతి గదులు దాటి బయటికి రాలేదు. 1981లో బెర్లిన్‌లో విమర్శకుల బహుమతి వచ్చినా, 1990లో జాతీయ చిత్ర భాండాగారపు జాబితాలో చేర్చినా టికెట్టు కొని చూసే దారి లేదు. చివరికి యూసీఎల్ఏ ఆర్కైవ్ సినిమాను పునరుద్ధరించి, మైల్‌స్టోన్ అనే చిన్న పంపిణీ సంస్థ సుమారు లక్షన్నర డాలర్లు పాటల హక్కులకు కట్టాక 2007లో విడుదలైంది. సినిమా తీయడానికి అయిన ఖర్చుకు అది పదిహేను రెట్లకు పైనే. అప్పుడు కూడా ముగింపులో వచ్చే డైనా వాషింగ్టన్ పాట ఒకదానికి అనుమతి దొరకక మరో పాట పెట్టవలసి వచ్చింది. తమ సంగీతంతో తమ కథ చెప్పుకోవడానికి, ఆ సంగీతాన్ని సొంతం చేసుకున్న కంపెనీలకు కప్పం కట్టాలన్నమాట.

ఆ తర్వాత దక్కిన గౌరవాలకు కొదవ లేదు. 2011లో యూసీఎల్ఏ ఆర్కైవ్ చెదిరిపోయిన విద్యార్థి చిత్రాలను వెతికి పోగుచేసి పెద్ద ప్రదర్శన నిర్వహించింది. 2017లో బర్నెట్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. కానీ గౌరవాల మధ్య సంవత్సరాల్లో వీళ్లకు అన్నం పెట్టింది చాలావరకు టీవీయే. బర్నెట్ డిస్నీ ఛానెల్‌కు 'నైట్‌జాన్' తీశాడు. డాష్‌కు 'డాటర్స్ ఆఫ్ ద డస్ట్' తర్వాత ఏళ్ల తరబడి థియేటర్ చిత్రం దక్కలేదు. సీబీఎస్ కోసం రోజా పార్క్స్ జీవితకథ తీసింది, తర్వాత నల్లజాతి దర్శకురాలు ఏవా డువర్నే సృష్టించిన 'క్వీన్ షుగర్' ధారావాహికలో కొన్ని భాగాలకు దర్శకత్వం వహించింది. ఆ ధారావాహికలో ప్రతి భాగానికీ మహిళలే దర్శకులు. ఒకప్పుడు నలుగురిలో ఒక్కడికి చోటిచ్చిన టీవీ ఇంత దూరం వచ్చిందంటే, కుర్చీలో కూర్చున్నది ఎవరన్నదే కారణం.

పంపిణీ విషయంలో అందరికంటే మొండిగా నిలబడ్డది గెరీమా. బానిసత్వం మీద ఏళ్ల తరబడి నిధులు సమకూర్చుకుని తీసిన 'సంకోఫా' 1993లో బెర్లిన్ పోటీ విభాగంలో ప్రదర్శితమైంది. అయినా అమెరికన్ పంపిణీదారుల్లో ఒక్కరూ తీసుకోలేదు. గెరీమా వాషింగ్టన్‌లో సొంతంగా హాలు అద్దెకు తీసుకుని ఆడించాడు, చర్చిలు, స్థానిక సంఘాలు టికెట్లు అమ్మిపెట్టాయి, హాలు నిండింది, ఆ తర్వాత ఊరూరా అదే పద్ధతి. దాని రాబడితో ఆయన, భార్య షిరికియానా ఐనా కలిసి హోవర్డ్ విశ్వవిద్యాలయం ఎదురుగా జార్జియా అవెన్యూలో పుస్తకాల, వీడియోల దుకాణం తెరిచారు. లాస్ ఏంజెలెస్‌లో ఆయన సహాధ్యాయి బెన్ కాల్డ్‌వెల్ లైమర్ట్ పార్కులో కేఓస్ నెట్‌వర్క్ పేరుతో ఒక మీడియా కేంద్రం నడిపాడు. 1990లలో అక్కడి బహిరంగ మైకు దగ్గర ఒక తరం ర్యాప్ గాయకులు తర్ఫీదు పొందారు. 2021లో 'సంకోఫా' నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది, డువర్నే పంపిణీ సంస్థ ఆరే ద్వారా. అంతకు ఇరవై ఎనిమిదేళ్ల ముందు ఏ కంపెనీకీ అమ్మకుండా, అమ్మవలసి రాకుండా హక్కులు తన సంస్థ దగ్గరే ఉంచుకున్నందువల్ల, ఆ ఒప్పందం మీద సంతకం పెట్టవలసింది గెరీమాయే.